పోలాండ్ గ్రామీణ గ్మీనాలు, వాటి ఊళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలాండ్‌లో చదువుకుంటున్నవారు, ఉద్యోగానికి వెళ్లినవారు, ఆ దేశపు పల్లెల గురించి తెలుగులో రాయాలనుకునేవారు ఒకే రకమైన సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నందున ఈ జవాబులను ఒకచోట చేర్చడమైనది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకునేలా రాయడం వల్ల కొన్ని సంగతులు రెండు చోట్ల కనిపించవచ్చు.

## పేరు, చిరునామా చూసినప్పుడు

ఊరి పేరు పక్కన గ్మీనా, పోవ్యాత్, వోయెవుద్జ్‌త్వో అని మూడు పేర్లు ఉంటాయి. ఇవేమిటి?

ఇవి పోలాండ్ స్థానిక పాలనలోని మూడు అంచెలు. అన్నిటికన్నా కిందిది గ్మీనా. కొన్ని గ్మీనాలు కలిస్తే పోవ్యాత్, కొన్ని పోవ్యాత్‌లు కలిస్తే వోయెవుద్జ్‌త్వో ఏర్పడతాయి. దేశం మొత్తంలో 16 వోయెవుద్జ్‌త్వోలు, 380 పోవ్యాత్‌లు, 2,400కు పైగా గ్మీనాలు ఉన్నాయి. ఆ 380లో 66 నిజానికి పోవ్యాత్ హోదా పొందిన నగరాలు. మూడు అంచెలకూ ఎన్నికైన సభలు ఉన్నాయి. అయితే పై అంచె కింది అంచెకు యజమాని కాదు, ఎవరికి అప్పగించిన పని వారిదే. ఊరు మాత్రం ఈ మూడింటిలోనూ లేదు. చట్టం దృష్టిలో అది ఒక నివాస స్థలం మాత్రమే, అధికారం గ్మీనా దగ్గర మొదలవుతుంది. పోలిష్ పల్లెల గురించి వచ్చే సందేహాల్లో సగానికి సగం ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లనే పుడుతున్నాయి.

గ్మీనా అంటే మన మండలమా, గ్రామ పంచాయతీయా?

విస్తీర్ణంలోనూ ఊళ్ల సంఖ్యలోనూ గ్రామీణ గ్మీనా మన మండలాన్ని తలపిస్తుంది, కానీ అధికారాల విషయానికి వస్తే అది పంచాయతీకే దగ్గర. ఆస్తులు కలిగి ఉండటం, పన్ను రేట్లు నిర్ణయించడం, సొంత బడ్జెట్ ఆమోదించుకోవడం, కోర్టుకు వెళ్లడం వంటి హక్కులన్నీ దానికి ఉన్నాయి. తెలుగు వ్యాసాల్లో దీన్ని ‘మండలం’ అని అనువదించడం కనిపిస్తుంది. అలా చదివినవారు గ్మీనా కార్యాలయాన్ని ప్రభుత్వ శాఖగా, అక్కడి అధిపతిని తహసీల్దారు వంటి ఉద్యోగిగా ఊహించుకుంటారు కాబట్టి గ్మీనా అన్న మాటనే ఉంచడం మేలు.

ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు వస్తున్నాయి. నాకు కావలసిన ఊరు ఏదో తేల్చుకోవడం ఎలా?

నోవా వ్యేష్, దొంబ్రోవా, దొంబ్రూఫ్కా వంటి పేర్లతో దేశమంతటా లెక్కలేనన్ని ఊళ్లు ఉన్నాయి. అందుకే ఊరి పేరు, గ్మీనా, పోవ్యాత్, వోయెవుద్జ్‌త్వో నాలుగూ సరిపోల్చుకోనిదే ముందుకు వెళ్లకూడదు. గ్మీనా పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. ఇళ్ల గోడల మీద పూల బొమ్మలు వేసుకునే స్త్రీల వల్ల పేరు పొందిన జలీప్యె ఊరు ఒలెస్నో గ్మీనాలో, దక్షిణాన మావోపోల్‌స్కా ప్రాంతంలో ఉంది. ఒలెస్నో అనే పట్టణమూ, దాని పేరిట గ్మీనా, పోవ్యాత్‌లూ ఒపోలె ప్రాంతంలో వేరే ఉన్నాయి. పోవ్యాత్ పేర్లు కూడా రెండేసి ఉండటం కొత్తవారిని మరింత తికమక పెడుతుంది. బ్యెల్‌స్కీ పోవ్యాత్ అనేది బ్యెల్‌స్కో-బ్యావా నగరం చుట్టూ సిలీసియాలో ఒకటి ఉంటే, బ్యెల్‌స్క్ పోద్లాస్కి పట్టణం కేంద్రంగా పోద్లాసియెలో మరొకటి ఉంది. ఈ రెండూ దేశానికి చెరొక మూల ఉన్నాయి.

ఖచ్చితంగా తేలాలంటే అక్కడి కేంద్ర గణాంక కార్యాలయం నిర్వహించే తెరిత్ అనే రిజిస్టరులో వెతకాలి. అందులో ప్రతి నివాస స్థలానికి ఏడు అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. గ్మీనాకు కూడా వేరే ఏడు అంకెల సంకేతం ఉంటుంది: మొదటి రెండంకెలు వోయెవుద్జ్‌త్వోను, తరువాతి రెండు పోవ్యాత్‌ను, ఆ పై రెండు గ్మీనాను, చివరి అంకె గ్మీనా రకాన్ని తెలుపుతాయి. చివర 2 ఉంటే అది గ్రామీణ గ్మీనా.

చిరునామాలో వీధి పేరు లేదు, పోస్టాఫీసు ఇంకో ఊరిది. తప్పు పడిందా?

తప్పేమీ లేదు. చాలా పల్లెల్లో వీధులకు పేర్లు ఉండవు కాబట్టి ఊరి పేరు, వెంటనే ఇంటి నంబరు రాస్తారు; కింది వరుసలో రెండంకెలు, అడ్డగీత, మూడంకెలు కలిసిన పిన్‌కోడ్, ఆ ఊరికి ఉత్తరాలు అందించే పోస్టాఫీసు పేరు వస్తాయి. ఆ పోస్టాఫీసు ఉన్న ఊరు ఒక్కోసారి పక్క గ్మీనాకు చెందినదై ఉంటుంది. అందుచేత పిన్‌కోడ్‌ను బట్టి గ్మీనాను ఊహించడం ప్రమాదకరం. పాత ఊళ్లలో ఇళ్ల నంబర్లు కట్టిన క్రమంలో పడినందువల్ల 14వ ఇంటి పక్కన 87వ ఇల్లు కనిపించినా ఆశ్చర్యపడనక్కర లేదు.

పటంలో ఉన్న పేరుకీ అక్కడివాళ్లు పలికే పేరుకీ పొంతన ఉండటం లేదు, ఎందుకు?

పోలిష్ రాతలో అడ్డగీత ఉన్న ‘ల’ను ‘వ’గానూ, ‘వ’ గుర్తును పదం చివర ‘ఫ’గానూ పలుకుతారు. మనం లోడ్జ్ అని చదివే నగరాన్ని వాళ్లు వూచ్ అంటారు. చెవిన పడిన పేరును మాత్రమే నమ్ముకుని పటంలో వెతికితే దొరకదు, అక్షరాలను రాయించుకోవాలి.

## గ్మీనా పాలన గురించి

గ్రామీణ గ్మీనా అని ప్రత్యేకంగా ఎందుకు అంటారు?

గ్మీనాలు మూడు రకాలు. పట్టణం ఒక్కటే ఉన్నది పట్టణ గ్మీనా. ఒక పట్టణం, దాని చుట్టుపక్కల పల్లెలు కలిసినది పట్టణ-గ్రామీణ గ్మీనా. పట్టణ హోదా ఉన్న స్థలం ఒక్కటి కూడా లేనిది గ్రామీణ గ్మీనా. దేశంలో గ్రామీణ గ్మీనాలే ఎక్కువ, 1,400కు పైగా ఉన్నాయి.

మా గ్మీనా కార్యాలయం ఉన్న పట్టణం మా గ్మీనాలో లేదంటున్నారు. అదెలా సాధ్యం?

పట్టణం విడిగా ఒక గ్మీనా, దాని చుట్టూ ఉన్న పల్లెలన్నీ అదే పేరుతో మరొక గ్మీనా అయినప్పుడు ఇలా జరుగుతుంది. నడుమ రంధ్రం ఉండే ఒక రకం రొట్టె పేరుతో పోలిష్‌వారు ఇటువంటి వాటిని ‘ఒబ్‌వజానెక్’ గ్మీనాలు అంటారు. ఈశాన్యంలోని సువావ్కి ఇందుకు మంచి ఉదాహరణ. సువావ్కి నగరానికి పోవ్యాత్ హోదా ఉంది. నగరం చుట్టూ ఉన్న సువాల్‌స్కీ పోవ్యాత్ కార్యాలయమూ ఆ నగరంలోనే ఉంది. సువావ్కి అనే గ్రామీణ గ్మీనా కార్యాలయమూ అక్కడే ఉంది. అంటే ఒకే నగరంలో సువావ్కి పేరిట మూడు వేర్వేరు కార్యాలయాలు పనిచేస్తున్నాయి. పొరపాటు తలుపు తట్టినవారిని రెండో చోటికి పంపించడం అక్కడ మామూలే. కాబట్టి కార్యాలయానికి వెళ్లే ముందు ఆ భవనంపై పట్టణ గ్మీనా అని ఉందో, గ్రామీణ గ్మీనా అని ఉందో చూసుకోవడం అవసరం.

వూయ్త్ అంటే ఎవరు? ఆయనను ఎవరు నియమిస్తారు?

గ్రామీణ గ్మీనా అధిపతిని వూయ్త్ అంటారు. పట్టణం ఉన్న గ్మీనాలో బుర్‌మిస్త్ష్ అని, పెద్ద నగరాల్లో ప్రెజిదెంత్ అని పిలుస్తారు. 2002 నుంచి ఈ పదవికి ఓటర్లే నేరుగా ఎన్నుకుంటున్నారు. అంతకు ముందు గ్మీనా సభ ఎన్నుకునేది. 2018లో పదవీకాలాన్ని నాలుగేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచి, ఒకరు ఒకే గ్మీనాలో రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదని నిబంధన తెచ్చారు. జనాభా 20,000 దాటని గ్మీనా సభలో 15 మంది సభ్యులు ఉంటారు.

గ్మీనాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆదాయపు పన్నులో వాటా, కేంద్రం నుంచి వచ్చే నిధులు, భవనాలు, స్థలాలపై పన్ను ప్రధానమైనవి. వీటికి తోడు గ్రామీణ గ్మీనాలకు వ్యవసాయ పన్ను ఉంటుంది. దాన్ని లెక్కగట్టే పద్ధతి మనవారికి వింతగా తోచవచ్చు గాని చాలా తెలివైనది: రైతు తన పొలంలో ఏం పండించినా సరే, నేల తరగతిని బట్టి సవరించిన ఒక్కో హెక్టారుకు ఏడాదికి రెండున్నర క్వింటాళ్ల రై ధాన్యం ఖరీదు చెల్లించాలి. రై ధర ఎంతో గణాంక కార్యాలయం 11 త్రైమాసికాల సగటు తీసి ఏటా ప్రకటిస్తుంది, ఒక్క ఏడాది ధర పెరిగినా పడిపోయినా పన్ను తల్లకిందులు కాకుండా ఈ సుదీర్ఘ సగటు కాపాడుతుంది. ప్రకటించిన ధర తమ రైతులకు భారమనిపిస్తే గ్మీనా సభ దాన్ని తగ్గించుకోవచ్చు, పెంచడానికి మాత్రం వీల్లేదు. అడవి పన్నును ఇదే తీరులో కలప ధరతో ముడిపెట్టారు.

అన్ని గ్మీనాల పరిస్థితి ఒకటి కాదు. వూచ్ ప్రాంతంలోని క్లెష్చూఫ్ అనే గ్రామీణ గ్మీనా పరిధిలో బెవ్‌హతూఫ్ లిగ్నైట్ గని, విద్యుత్ కేంద్రం ఉన్నందువల్ల తలసరి ఆదాయంలో అది ఏళ్ల తరబడి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆగ్నేయ మూలన బ్యెష్చాది కొండల్లో ఉన్న లుతోవిస్కా గ్మీనా విస్తీర్ణం 470 చదరపు కిలోమీటర్లకు పైగా, జనాభా సుమారు రెండు వేలు. అడవి, మంచు, పొడవాటి రోడ్లు ఉన్నచోట బడి బస్సు నడపడానికి, రోడ్డు శుభ్రం చేయడానికి తలకు పడే ఖర్చు ఎంతో ఎవరైనా ఊహించుకోవచ్చు.

గ్రామీణ గ్మీనా అంటే అక్కడందరూ రైతులేనా?

కారు. ‘గ్రామీణ’ అన్నది పట్టణ హోదా లేదని చెప్పే చట్టపరమైన మాట. వ్రోత్స్వాఫ్ నగరానికి ఆనుకుని ఉన్న కోబ్యెజిత్సె గ్మీనా పేరుకు గ్రామీణమే అయినా అక్కడ బ్యాటరీ కర్మాగారాలు, పెద్ద పెద్ద గోదాములు, షాపింగ్ కేంద్రాలు వెలిశాయి. గోదాము ఉద్యోగం దొరికిన విద్యార్థి తన పని స్థలపు చిరునామాలో ‘గ్రామీణ గ్మీనా’ అని చూసి ఏ మారుమూలకో పంపుతున్నారని కంగారు పడనవసరం లేదు.

## ఊరి లోపల

సోవెత్స్‌త్వో, ఊరు రెండూ ఒకటేనా?

చాలాచోట్ల ఒకదానితో ఒకటి సరిపోతాయి గాని ఒకటి కావు. ఊరు భౌగోళికమైనది, సోవెత్స్‌త్వో అనేది గ్మీనా సభ తీర్మానం చేసి ఏర్పరచే ఉపవిభాగం. రెండు మూడు చిన్న ఊళ్లు కలిసి ఒక సోవెత్స్‌త్వో కావచ్చు, ఒక పెద్ద ఊరు అనేక సోవెత్స్‌త్వోలుగా విడిపోవచ్చు. దేశంలో ఇవి దాదాపు 40,000 ఉన్నాయి.

క్రాకూఫ్‌కు ఉత్తరాన ఉన్న సువోషోవా ఊరిని పైనుంచి తీసిన ఫొటోలు మన ఫోన్లలో కూడా బాగా తిరిగాయి: ఒకే వీధి కిలోమీటర్ల పొడవునా మెలికలు తిరుగుతూ సాగుతుంది, ఇళ్లన్నీ ఆ వీధికి రెండు వైపులా ఆనుకుని ఉంటాయి, ప్రతి ఇంటి వెనుక నుంచీ ఆ ఇంటి పొలం రిబ్బను ముక్కలా సన్నగా కొండవాలు దాకా పరుచుకుని ఉంటుంది. ఇది ఎవరో ఈమధ్య గీసిన నమూనా కాదు. రోడ్డు లేదా వాగు వెంబడి వరుసగా ఇళ్లు, వాటి వెనుక చీలికలుగా భూములు అన్న మధ్యయుగపు అమరికే నేటికీ నిలిచింది. ఈ ఒక్క ఊరే సువోషోవా ఒకటి, రెండు, మూడు అని మూడు సోవెత్స్‌త్వోలుగా ఉంది.

సోవ్తిస్ మన సర్పంచ్ వంటివారేనా?

సోవ్తిస్ అంటే సోవెత్స్‌త్వోకు ఎన్నికైన పెద్ద కాబట్టి పోలిక సహజమే గాని, అధికారం చూస్తే సర్పంచ్ కన్నా చాలా తక్కువ. సోవెత్స్‌త్వోకు చట్టపరమైన వ్యక్తిత్వం లేదు. సొంత పేరిట ఆస్తి కొనదు, పన్ను వేయదు. ఊళ్లో ఓటు హక్కు ఉన్నవారంతా పాల్గొనగల గ్రామసభ తీర్మానాలు చేస్తుంది. సోవ్తిస్ వాటిని అమలు చేస్తారు, ఊరి సలహా మండలి ఆయనకు తోడుగా ఉంటుంది. ఆయన అనే మాట అలవాటు కొద్దీ రాస్తున్నదే, ఈ పదవిలో స్త్రీలు ఎంతోమంది ఉన్నారు.

పని మాత్రం తక్కువేమీ కాదు. చాలా గ్మీనాల్లో భూమి పన్ను వసూలు చేసేది సోవ్తిసే, దానిపై కొంత కమిషను అందుతుంది. దీపం వెలగని స్తంభం, గుంత పడిన దారి, చెత్త బండి రాని రోజు, అన్ని ఫిర్యాదులూ ముందుగా ఆ గుమ్మంలోకే చేరతాయి. ఇల్లు గుర్తుపట్టడం తేలిక: గోడకో గేటుకో ఎర్ర పలక మీద తెల్ల అక్షరాలతో ‘సోవ్తిస్’ అని రాసి ఉంటుంది. కనీసం రెండు పదవీకాలాలు పనిచేసి పదవీ విరమణ వయసు చేరిన మాజీలకు నెలకు 300 జ్లోతీలతో మొదలైన భత్యాన్ని 2023లో చట్టం చేసి ఇచ్చారు.

పదవి వయసు మాత్రం చాలా ఎక్కువ. 13వ శతాబ్దంలో అడవులు కొట్టి కొత్త ఊళ్లు కట్టించినప్పుడు, జనాన్ని తెచ్చి స్థిరపరిచిన వ్యక్తికే వంశపారంపర్యంగా ఈ పదవి, దానితో పాటు మంచి భూమీ దక్కేవి. ఆ భూములపై కన్నేసిన జమీందారులు 1423లో వార్తా అనే పట్టణంలో వెలువడిన శాసనంతో, మాట విననివారని ముద్ర వేసి సోవ్తిస్‌ల నుంచి వాటిని బలవంతంగా కొనే హక్కు సంపాదించుకున్నారు.

ఊరికి సొంత నిధి ఉంటుందని విన్నాను. దాన్ని ఎలా ఖర్చు పెడతారు?

దాన్ని సోవెత్స్‌త్వో నిధి అంటారు; 2009లో మొదలైంది, ఇప్పుడు 2014 నాటి చట్టం ప్రకారం నడుస్తోంది. ఈ నిధి పెట్టాలా వద్దా అన్నది గ్మీనా సభ ఇష్టం, అందుచేత అన్ని ఊళ్లకూ ఉండదు. పెట్టినచోట గ్మీనా తలసరి ఆదాయం, ఊరి జనాభాలను బట్టి ప్రతి ఊరికీ ఒక మొత్తం తేలుతుంది. ఎంత పెద్ద ఊరికైనా తలసరి ఆదాయానికి పది రెట్లు మించకూడదు. గ్రామసభ కూర్చుని ఏం కావాలో తేల్చుకుని, ఖర్చు అంచనాతో సహా సెప్టెంబరు 30లోగా వూయ్త్‌కు దరఖాస్తు ఇవ్వాలి. గడువు దాటితే ఆ ఏడాది అంతే. పిల్లల ఆటస్థలం, సామూహిక భవనానికి కుర్చీలు, స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి సామగ్రి, రెండు వీధి దీపాలు వంటివే ఎక్కువగా కనిపిస్తాయి. మొత్తం చిన్నదే అయినా పోలిష్ పల్లె ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా నిజమైన భాగం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఊరి మొదట్లో పచ్చ బోర్డు, తెల్ల బోర్డు రెండు ఉన్నాయి. తేడా ఏమిటి?

తెల్ల అక్షరాల పచ్చ బోర్డు ఊరి పేరు చెబుతుంది. ఊరి పొలిమేర ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఉంటుంది. నల్లటి ఇళ్ల బొమ్మ ఉన్న తెల్ల బోర్డు జనావాసం మొదలైందని చెబుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగ పరిమితి దాని నుంచే అమలవుతుంది. వాహనం నడిపేవారు పేరు బోర్డును కాక ఇళ్ల బొమ్మనే గమనించాలి.

## పాత కాగితాలు, మారిన హోదాలు

కొన్ని ఊళ్లు పెద్దగా ఉన్నా ఊళ్లే, కొన్ని చిన్నవైనా పట్టణాలు. ఏమిటి లెక్క?

పట్టణ హోదాను జనాభా ఒక్కటే నిర్ణయించదు. మంత్రిమండలి ఆదేశంతో, సాధారణంగా జనవరి 1 నుంచి అది అమలులోకి వస్తుంది. సిలీసియాలోని కోజి జనాభా 12,000 దాటినా అది ఊరే, పైగా ఆ గ్మీనా మొత్తం ఆ ఒక్క ఊరే. 2019లో పట్టణ హోదా పొందిన ఒపతోవ్యెత్స్‌లో 400 మంది కూడా లేరు. దీనికి మూలం చరిత్రలో ఉంది: 1863 తిరుగుబాటు తరువాత రష్యా జార్ ప్రభుత్వం 1869-70లో తన ఏలుబడిలోని 300కు పైగా పోలిష్ పట్టణాల హోదా రద్దు చేసింది. 2018లో తిరిగి పట్టణమైన విష్లీత్సా వంటి చోట్ల అప్పుడు పోయిన హోదాను ఇప్పుడు రాబట్టుకుంటున్నారు. అలా కేంద్రపు ఊరు పట్టణమైతే గ్రామీణ గ్మీనా కాస్తా పట్టణ-గ్రామీణ గ్మీనా అవుతుంది, వూయ్త్ బుర్‌మిస్త్ష్ అవుతారు.

పాత పత్రంలో ఊరికి వేరే వోయెవుద్జ్‌త్వో రాసి ఉంది. ఏది నమ్మాలి?

రెండూ సరైనవే, పత్రం తేదీ చూడాలి. 1954 నుంచి 1972 వరకు గ్మీనాలు లేవు, వాటి స్థానంలో గ్రొమాదాలు అనే చిన్న విభాగాలు ఉండేవి. మొదట్లో వాటి సంఖ్య 8,000 దాటింది. 1973 జనవరి 1న గ్మీనాలు తిరిగి వచ్చాయి. 1975లో పోవ్యాత్‌లను రద్దు చేసి దేశాన్ని 49 చిన్న వోయెవుద్జ్‌త్వోలుగా చేశారు. 1999 జనవరి 1 నుంచి పోవ్యాత్‌లు మళ్లీ వచ్చి, వోయెవుద్జ్‌త్వోలు 16 అయ్యాయి. జలీప్యె ఊరు ఎక్కడికీ కదలకపోయినా 1980 నాటి కాగితంలో తార్నూఫ్ వోయెవుద్జ్‌త్వోలోనూ, నేడు మావోపోల్‌స్కాలోనూ కనిపించడానికి కారణం ఇదే. స్వయంపాలన గ్మీనా మాత్రం 1990 మార్చి 8 నాటి చట్టంతో, అదే ఏడాది మే 27న జరిగిన ఎన్నికలతో మొదలైంది. అంతకు ముందు గ్మీనా అధిపతి ప్రభుత్వం నియమించిన వ్యక్తే.

కొన్ని ఊళ్ల బోర్డుల మీద రెండు భాషలు ఎందుకు?

మైనారిటీ భాషల గురించి 2005లో వచ్చిన చట్టం దీనికి వీలు కల్పించింది. ఒపోలె ప్రాంతంలో రద్వూఫ్ వంటి గ్మీనాల్లో జర్మన్, ఈశాన్యంలోని పూన్స్క్‌లో లిథువేనియన్, ఓర్లాలో బెలారూసియన్, బాల్టిక్ తీరం వెనుక కషూబియన్ పేర్లు పోలిష్ పేర్ల కింద కనిపిస్తాయి. గోర్లిత్సె గ్మీనాలోని బ్యెలాంకా ఊరికి లెమ్కో భాషలో బోర్డు ఉంది. 1947లో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి దూర ప్రాంతాలకు తరలించిన జాతి లెమ్కోలది. 1933-45 నడుమ నాజీ జర్మనీ గాని సోవియట్ ప్రభుత్వం గాని పెట్టిన పేర్లను ఈ బోర్డులపై వాడరాదని చట్టం స్పష్టంగా నిషేధించింది.

## అక్కడ ఉండేవారి పనులు

ఏ పనికి ఏ కార్యాలయానికి వెళ్లాలి?

నివాస నమోదు, పెసెల్ అనే వ్యక్తిగత గుర్తింపు సంఖ్య, జనన మరణ ధ్రువపత్రాలు, చెత్త రుసుము, ప్రాథమిక పాఠశాల గ్మీనా పనులు. డ్రైవింగ్ లైసెన్సు, వాహన రిజిస్ట్రేషన్, ఉన్నత మాధ్యమిక పాఠశాలలు, భూమి సర్వే రికార్డులు పోవ్యాత్ చేతిలో ఉంటాయి; దాని అధిపతి స్తరోస్తా. విదేశీయుల నివాస అనుమతిని వోయెవుద్జ్‌త్వోలో ప్రభుత్వ ప్రతినిధిగా ప్రధానమంత్రి నియమించే వోయెవోదా కార్యాలయం చూస్తుంది. వోయెవుద్జ్‌త్వోకు ఎన్నికైన పాలక మండలి, దాని అధిపతి మర్షావెక్ వేరు, అక్కడికి వెళ్తే ఈ పని జరగదు. నగరంలో ఉండే తెలుగు విద్యార్థికి గ్మీనా, పోవ్యాత్ పనులు రెండూ నగర కార్యాలయంలోనే అయిపోతాయి. నగరం దాటి పల్లెలో గది తీసుకున్న రోజు నుంచి ఈ రెండూ వేరువేరు చోట్లకు మారతాయి.

పల్లెలో స్థలం కొనాలనుకుంటే గ్మీనా అనుమతి ఇస్తుందా?

ఇవ్వదు. యూరోపియన్ ఎకనమిక్ ఏరియా, స్విట్జర్లాండ్‌లకు బయటి దేశాల పౌరులు పోలాండ్‌లో భూమి కొనడానికి 1920 నాటి చట్టం ప్రకారం అంతర్గత వ్యవహారాల మంత్రి అనుమతి కావాలి. భవనంలోని విడి ఫ్లాటుకు సాధారణంగా ఈ అనుమతి అక్కర లేదు. యాజమాన్యం ఎవరిదో జిల్లా కోర్టు నిర్వహించే భూమి పుస్తకంలోనూ, సర్వే హద్దులు స్తరోస్తా దగ్గరా చూసుకోవాలి. గ్మీనా దగ్గర తెలుసుకోవలసింది ఒకటుంది: ఆ స్థలానికి వినియోగ ప్రణాళిక ఉందా, ఉంటే అక్కడ ఇల్లు కట్టుకోనిస్తారా అన్నది. సోవ్తిస్ సంతకానికి ఈ వ్యవహారంలో విలువ లేదు. కానీ ఆ స్థలానికి దారి ఎటు నుంచి ఉందో, వాన కురిస్తే నీరు ఎక్కడ నిలుస్తుందో ఆ ఎర్ర పలక ఉన్న ఇంట్లో అడిగి తెలుసుకోవచ్చు.